అడుగున ఉన్నదే మందు

చివరి గది

ఆసుపత్రుల్లో మా గది ఎప్పుడూ వసారా చివరనే ఉంటుంది. రోగికి డాక్టరు పేరు గుర్తుంటుంది, నర్సు మొహం గుర్తుంటుంది. సూది గుచ్చి నెత్తురు తీసిన మనిషి మాత్రం గుర్తుండదు. ఒకవేళ గుర్తుంటే అది తిట్టుకోవడానికే. మహారాష్ట్ర అంచున, సిరోంచ వైపు ఒక చిన్న ఆసుపత్రిలో ఇరవై ఎనిమిదేళ్లు నేను ఆ చివరి గదిలో కూర్చున్నాను. ల్యాబ్ టెక్నీషియన్ అన్నది కాగితం మీది పేరు. కొందరికి సిస్టర్‌ని, కొందరికి మేడంని, ఊరివాళ్లకు సుగుణక్కను.

ఈ మధ్య మా చుట్టాలమ్మాయి ఒకతి గడ్చిరోలిలో ఇదే కోర్సులో చేరింది. "పెద్దమ్మా, ఈ పనిల అన్నిటికంటే ముఖ్యమైనదేంది?" అని ఫోన్లో అడిగింది. పొయ్యి మీద పప్పు ఉంది, తొందరలో ఉన్నాను. "సూది సక్కగ గుచ్చుడే" అని చెప్పి పెట్టేశాను. పప్పు దించాక ఆలోచిస్తే అది అబద్ధమని తోచింది. సూది గుచ్చడం నెల రోజుల్లో ఎవరికైనా వస్తుంది. దానికి కోర్సు కూడా అక్కర్లేదు.

అందుకే ఇది రాస్తున్నాను. నేను ఎప్పుడు పర్మనెంట్ అయ్యానో, ఏ ఇంక్రిమెంటు ఎందుకు ఆగిందో ఇందులో ఉండదు. అవి నాకే విసుగు. ఆసుపత్రి పేరు కూడా రాయను. చెప్పబోయే తప్పు నాది, ఆసుపత్రి పేరు పాడుచేయడం ఎందుకు?

ఖాదర్ సాబు, పడవ

నాకు పని నేర్పింది ఖాదర్ సాబు. మా ల్యాబుకు పెద్దాయన. మధ్యాహ్నం అన్నం తిన్నాక బల్ల మీద తల పెట్టి గంటసేపు నిద్రపోయేవారు. ఒకరిని మెచ్చుకోవడం ఆయన జాతకంలో లేదు. ఇవి లోపాలే, దాచను. కానీ మైక్రోస్కోపు ముందు కూర్చున్నాక ఆయనంత ఓపిక, ఆయనంత నిజాయితీ నేను ఇంకొకరిలో చూడలేదు.

మా అడవి వైపు జ్వరం వచ్చిందంటే ముందు మలేరియా చూడాలి. వానాకాలంలో బల్ల మీద స్లైడ్లు పెట్టడానికి చోటుండేది కాదు. నేను చేరిన కొత్తలో ఒకరోజు కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నాయి. ఒక ముసలమ్మ స్లైడు పైపైన చూసి "కనపడలేదు" అని రాసి పంపించేశాను. ఖాదర్ సాబు నిద్ర లేచి, ఏం తోచిందో ఏమో, అదే స్లైడు పెట్టుకున్నారు. పావుగంట చూశారు. తర్వాత చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయారు.

ముసలమ్మది ప్రాణహిత అవతలి ఊరు. అప్పటికి వంతెన లేదు, పడవే దిక్కు. ఆయన రేవుకు చేరేసరికి పడవ కదిలిపోయింది. ఒడ్డున నిలబడి టోపీ ఊపుతూ కేకలేసి పడవను వెనక్కి తిప్పించారు. పడవలో ఉన్న పెళ్లివాళ్లు ఆయన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారట. ముసలమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మందిప్పించారు. తర్వాత నా దగ్గరికి వచ్చారు.

"కనపడలే అంటే లేదని కాదు బేటీ. నువ్వు సూడలే అని. నువ్వు సూడంది ఏదీ నీ చెయ్యి దాటొద్దు."

అంతే అన్నారు. ఆ మాట నాకు బాగా ఒంటబట్టిందని చాలా ఏళ్లు అనుకున్నాను. మలేరియా స్లైడ్ల వరకు నిజంగానే ఒంటబట్టింది. ఆ తర్వాత దాన్ని ఎక్కడ మరిచిపోయానో చెప్పాలంటే పోశం సంగతి చెప్పాలి. అది రెండు వేల ఎనిమిదో తొమ్మిదో అయి ఉంటుంది. అప్పటికి ఖాదర్ సాబు రిటైరై, ల్యాబుకు నేనే పెద్దనైపోయాను.

పోశం కూర్చోడు

పోశం జీపు డ్రైవరు. సిరోంచ నుంచి అసరెల్లి మీదుగా పాతగూడెం దాకా మనుషుల్ని తిప్పేవాడు. పదిమంది పట్టే జీపులో ఇరవై మందిని కూరేవాడు. ఆ దారిని రోడ్డనడం మర్యాద కోసమే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ గుంతల్లో సీటు మీద ఎగిరిపడీ ఎగిరిపడీ అతనికి నడుము కింద, తోక ఎముక దగ్గర గడ్డ లేచింది. మా వైపు నాసూర్ అంటారు. డాక్టర్లు పైలోనిడల్ సైనస్ అంటారు. రాలిన వెంట్రుకలు ఆ మడతలో చేరి, రాపిడికి చర్మంలోకి దిగి, లోపల చుట్టుకుపోయి చీము పడుతుంది. పైకి చిన్న రంధ్రమే కనిపిస్తుంది, లోపల సొరంగం ఉంటుంది.

ఒకప్పుడు యుద్ధంలో జీపులు నడిపిన సిపాయిలకు ఇది బాగా వచ్చేదనీ, దీన్ని జీపు జబ్బు అనేవారనీ మా సర్జన్ చెప్పారు. ఆ మాటకు పోశం నొప్పిలో కూడా కొంచెం పొంగిపోయాడు.

"సూసినవా, మిల్ట్రీ బీమారి" అన్నాడు భార్యతో.

"మిల్ట్రీ లేదు, ఏం లేదు. పిర్రల నడుమ కురుపు" అంది కమల.

సర్జన్ పుణె వైపు మనిషి, మాకు కొత్తగా వచ్చారు. నాతో మరాఠీలోనే మాట్లాడేవారు, ఆ మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఆయన గడ్డ మొత్తం కోసి తీసేశారు. ఇలాంటి గాయాన్ని చాలాసార్లు కుట్టరు. తెరిచే ఉంచి, అడుగు నుంచి మాంసం పూడుతూ పైకి రానిస్తారు. అది రెండు మూడు నెలల పని. అన్నాళ్లూ కూర్చోకూడదు.

కూర్చోకుండా బతకడం ఎంత కష్టమో పోశాన్ని చూశాకే నాకు తెలిసింది. బోర్లా పడుకోవాలి, లేదా నిలబడాలి. గోడకు ఆనుకుని అన్నం తినేవాడు. మేనమామ ఇంట్లో విందుకు పోతే, అందరూ బంతిలో కూర్చుంటే తను స్తంభం పక్కన నిలబడి తిన్నాడట. కూర్చోలేదంటే పోశం అలిగాడనుకున్నారు, అందుకు మేనమామ అలిగాడు. నలుగురిలో కారణం చెప్పలేడు, ఊరుకోనూ లేడు. నా గదికి వచ్చినప్పుడు అలవాటుగా గదిలో ఉన్న ఒక్క స్టూలు చూపిస్తే "వద్దక్కా, దాని మొకం సూడ" అని తలుపుకు భుజం ఆనించి నిలబడేవాడు.

నవ్వులాట ఒకవైపు, అసలు దిగులు ఇంకోవైపు. ఆపరేషన్‌కు ముందే పోశం ఒక సర్కారీ ఆఫీసులో డ్రైవర్ పోస్టుకు అర్జీ పెట్టుకున్నాడు. వయసు దాటడానికి అదే ఆఖరి ఏడాది. పరీక్షకు రమ్మని గడ్చిరోలి నుంచి ఏ రోజైనా కాగితం రావచ్చు. పోవడానికి బస్సులో ఆరేడు గంటలు కూర్చోవాలి, అక్కడ జీపులో కూర్చుని నడిపి చూపించాలి, మళ్లీ ఆరేడు గంటలు కూర్చుని తిరిగి రావాలి.

"అప్పటిదాంక మానుతదా సార్?" అని కట్టు కట్టిన ప్రతిసారీ అడిగేవాడు, నేను మరాఠీలో చెప్పేదాన్ని. అది మానితే నౌకరి, మానకపోతే జన్మంతా అవే గుంతలు. మళ్లీ అదే గడ్డ కూడా రావచ్చు.

తేట సరుకు

సర్జన్ నాగపూర్‌లో ఒక మీటింగుకు పోయి వచ్చి కొత్త సంగతి చెప్పారు. రోగి నెత్తురే కొంచెం తీసి, మిషన్లో తిప్పి, ప్లేట్‌లెట్లు దండిగా ఉన్న భాగాన్ని వేరు చేసి గాయంలో పెడితే త్వరగా పూడుతుందని కొందరు చేస్తున్నారట. ప్లేట్‌లెట్లు అంటే చర్మం తెగినచోట ముందు చేరి నెత్తురు ఆపే సన్నటి రేణువులు. గాయాన్ని మాన్పే సరుకు కూడా వాటిలోనే ఉంటుంది. దీన్ని పీఆర్పీ అంటారు.

"మన దగ్గరున్న మిషన్ చాలు సుగుణాబాయి. చేద్దామా?" అన్నారు.

నన్ను ఒక డాక్టరు "చేద్దామా" అని అడగడం అదే మొదటిసారి. అప్పటిదాకా అందరూ "చెయ్యి" అన్నవాళ్లే. ఆ మురిపెంలో సగం మెదడు అప్పుడే పనిచేయడం మానేసిందనుకుంటాను.

పద్ధతి ఇది. గడ్డకట్టకుండా మందు వేసిన గొట్టాల్లో నెత్తురు తీయాలి. మొదటిసారి మెల్లగా తిప్పితే ఎర్రకణాలు అడుక్కి దిగి, ప్లాస్మా అనే పసుపు నీరు పైన నిలుస్తుంది. దాన్ని వేరే గొట్టంలోకి తీసి, ఈసారి జోరుగా తిప్పాలి. ఆ తర్వాత "ప్లాస్మా తీసుకోవాలి" అని సర్జన్ చీటీ రాసిచ్చారు. పైదా, అడుగుదా అని ఆయన రాయలేదు. నేనూ అడగలేదు.

ఎందుకడగాలి? షుగరు చూసినా, కామెర్లు చూసినా నెత్తురు తిప్పి పైన తేలిన తేటే కదా నేను తీసుకునేది. మిగిలింది బకెట్లోకి. ల్యాబుకు రాకముందు కూడా నాకు తెలిసిన లోకం అదే. మా నాయన పరాయి పొలాల్లో కూలి చేసేవాడు, అమ్మ ఇంట్లో ఇప్పనూనె తీసేది. తేరుకున్నాక పైది సీసాలోకి పోసేది, అడుగు మడ్డి పారబోసేది. మంచిది పైన ఉంటుంది, మడ్డి అడుగున ఉంటుంది. దీనికి ఇంకా పుస్తకం తెరవాలా అనుకున్నాను.

రెండోసారి తిప్పాక గొట్టంలో పైన అద్దంలాంటి తేట నిలిచింది. అడుగున గులాబి రంగులో చిన్న మచ్చ, చిటికెడు కూడా లేదు. ఎర్రకణాల మురికి కొంచెం మిగిలిందిలే అనుకున్నాను. తేటంతా సిరంజిలోకి లాగి, అడుగున ఉన్న కాస్తా పారబోశాను. సర్జన్ ఆ తేటలో కాల్షియం మందు కలిపితే జున్నులా బిగుసుకుంది. దాన్ని గాయంలో పరిచి కట్టు కట్టారు. తేట నీరైనా అలాగే బిగుసుకుంటుందని అప్పుడు మా ఇద్దరికీ తట్టలేదు. బిగుసుకుంది కాబట్టి సరిగానే ఉందనుకున్నాం.

"బాగా వచ్చింది సుగుణాబాయి" అన్నారు. నా కాళ్లు నేల మీద నిలవలేదు.

ఇలా వారానికొకసారి చేశాం. నెత్తురు తీసిన ప్రతిసారీ కమల గుమ్మంలో నిలబడి గొట్టాలు లెక్కపెట్టేది.

"ఇంత తీస్తే ఎట్లక్కా? నెత్తురు ఊకెనే పడుతదా? జర తక్కువ తియ్యి."

"మల్ల నీ మొగనికే పెడుతున్నం గద."

"మొత్తం పెడుతున్నవా?"

"మంచిదంత పెడుతున్న" అన్నాను ధీమాగా. నాకు తెలియకుండానే ఆడిన అబద్ధాల్లో అంత ధీమాగా ఆడింది ఇంకొకటి లేదు.

రెండు స్లైడ్లు

నాలుగు వారాలు గడిచాయి. మొదట్లో కొంచెం పూడినట్టు కనిపించిన గాయం అక్కడే ఆగిపోయింది. అయిదో వారం సర్జన్ స్కేలు పెట్టి కొలిచి మొహం చిట్లించారు. సరిగ్గా అదే వారం గడ్చిరోలి కాగితం వచ్చింది. పరీక్షకు ఇంకా అయిదు వారాలుంది. పోశం ఆ కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని నెత్తురు ఇవ్వడానికి వచ్చాడు. తలుపు దగ్గర నిలబడే నాకు చూపించాడు.

"ఇది పోతే ఇగ రాదక్కా. వయసు అయిపాయె" అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ మెల్లగా అడిగాడు. "నా నెత్తురు మంచిది గాదా? గందుకే మానుతలేదా?"

ఆ మాట నాకు సూటిగా గుచ్చుకుంది. నెత్తురు మంచిదో కాదో చెప్పాల్సిన మనిషిని నేను. చెప్పడానికి నేను చూసింది ఏమిటి?

ఆరోజు రెండోసారి తిప్పి, పైన ఉన్న తేటను సిరంజిలోకి లాగాక చెయ్యి ఆగిపోయింది. నాలుగు వారాల్లో ఒక్కసారి కూడా అందులో ఒక బొట్టు మైక్రోస్కోపు కింద పెట్టలేదు. మలేరియాకు చిన్న పిల్లాడి వేలి బొట్టునైనా పావుగంట చూసేదాన్ని, దీన్ని కళ్లు మూసుకుని మనిషి ఒంట్లోకి పంపాను. ఖాదర్ సాబు ఉంటే ఈసారి టోపీ ఊపేవారు కాదు, నా నెత్తిన కొట్టేవారు.

ఒక బొట్టు స్లైడు మీద వేసి, ఆరబెట్టి, రంగు వేసి చూశాను. ఏమీ లేదు. జరిపి జరిపి చూశాను, ఖాళీ. ఇతనికి ప్లేట్‌లెట్లే తక్కువా అనుకున్నాను. కానీ ఆపరేషన్‌కు ముందు అతని నెత్తురు చూసింది నేనే, అప్పుడు నిండుగా ఉన్నాయి. ఉన్నవి ఎటు పోయాయి? అప్పుడు గొట్టం వంక చూశాను. బకెట్లో పోయాల్సిన కాస్త అడుగు దాంట్లో ఇంకా ఉంది. దాన్ని కలిపి ఇంకో స్లైడు మీద వేశాను.

మైక్రోస్కోపులో చూశాను. గుంపులు గుంపులుగా, ఒకదాని మీద ఒకటి, జోరుగా తిప్పినప్పుడు అడుక్కి దిగిన ప్లేట్‌లెట్లన్నీ అక్కడే ఉన్నాయి. నాలుగు వారాలు పోశం నెత్తురులోని అసలు సరుకును నా చేత్తో నేనే బకెట్లో పోశాను. మంచిదని పెట్టింది ఉత్త తేట.

సిగ్గుతో చచ్చిపోయాను. ఇంకో సంగతి కూడా దాచను. ఈరోజు నుంచి అడుగుది తీసుకుని నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుందనే ఆలోచన కూడా వచ్చింది. ఎవరికీ తెలియదు. కానీ తన నెత్తురు మంచిది కాదని ఆ మనిషి అనుకుంటున్నాడు. నేను నోరు మూసుకుంటే జన్మంతా అలాగే అనుకుంటాడు. అది నా వల్ల కాలేదు.

రెండు స్లైడ్లూ, ఆయన రాసిచ్చిన చీటీ పట్టుకుని సర్జన్ దగ్గరికి పోయాను. ఆయన రెండూ చూశారు. చెవులు ఎర్రబడ్డాయి.

"నాలుగు వారాలు, సుగుణాబాయి!"

"అవును సార్."

తర్వాత నా చేతిలోని పాత చీటీ తీసుకుని చదువుకున్నారు. "పైదో అడుగుదో నేను రాయలేదు" అన్నారు. "నేను అడగలేదు సార్" అన్నాను. "గొట్టం ఒకసారి చూపించమని నేనూ అనలేదు" అన్నారు. తర్వాత లేచారు. "నువ్వే చెప్పు. నేను పక్కన నిలబడతాను."

నా నౌకరిలో తొమ్మిది మంది డాక్టర్లను చూశాను. తప్పు జరిగితే చెప్పొద్దనే వాళ్లున్నారు, నువ్వు చెప్పుకో నాకు సంబంధం లేదనే వాళ్లున్నారు. నువ్వు చెప్పు, నేను పక్కన ఉంటాను అన్నది ఈయన ఒక్కరే. పైఅధికారిలో చూడాల్సింది ఇదొక్కటే అని నా అభిప్రాయం. మిగతా గుణాలన్నీ కొసరుగా దొరికితే మంచిదే.

ఇద్దరు దొంగలు

పోశం కట్టు కట్టే బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. కమల తల దగ్గర నిలబడింది. నేను ఏ డొంకతిరుగుడూ లేకుండా చెప్పేశాను. మంచి సరుకు అడుగున ఉంటుందనీ, నేను పైది పెట్టి అడుగుది పారబోశాననీ చెప్పాను. పెట్టిన తేట వల్ల కీడు లేదు, కానీ మేం అనుకున్న మేలూ లేదని చెప్పాను.

"అంటే నా మొగని నెత్తురు పారబోసినవా అక్కా?" అంది కమల.

"పారబోసిన. తప్పు జేసిన కమలా."

"మంచిదంత పెడుతున్న అంటివి గద!" అంటూనే ఏడ్చేసింది. "నెత్తురు పడుతదని పొద్దుగాల లేసి కార్జం వండి పెడితిని. వద్దు వద్దంటున్నా తినిపిస్తిని. అంత నీ బకెట్లకేనా?"

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. సర్జన్‌కు తెలుగు రాదు గానీ ఏడుపు అర్థమైంది, ఆయనా కదలకుండా నిలబడ్డారు. అప్పుడు దిండులోంచి ఒక గొంతు వచ్చింది.

"ఆమె ఒక్కతే గాదు, కమలా."

"ఏంది?"

"నేను గూడ జర తప్పు జేసిన."

ఆ జర తప్పు ఏమిటంటే, రెండు వారాలుగా పొద్దున మొదటి ట్రిప్పు తనే నడుపుతున్నాడు. అసరెల్లి దాకా పోయి వచ్చి, ఏమీ ఎరగనట్టు బోర్లా పడుకుంటున్నాడు.

"ఊకెనే నడపలే అక్కా. ఒక్క పిర్ర మీదనే కూసున్న. ఇంకోటి లేపి పట్టుకున్న" అన్నాడు దీనంగా.

నేను దీన్ని మరాఠీలో సర్జన్‌కు చెప్పాలి. చెప్పాను. ఆయన గోడ వైపు తిరిగి భుజాలు కదిలిపోతుండగా నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడ్డారు. "ఆ రోడ్డు మీదా? ఒకదాని మీదా?" అని మాత్రం అనగలిగారు.

కమల ఏడుపు టక్కున ఆగింది. "పాల పాకిటు తెస్త అని రెండేసి గంటలు పోయింది గిందుకేనా? నేను కార్జం వండుడు, నువ్వు జీపు నడుపుడు, ఈమె పారబోసుడు! ఇద్దరు దొంగలు ఒక్కతాననే దొరికిండ్రు గద!" అని మొగుడి వీపు మీద ఒక్కటిచ్చింది. నాకూ ఒకటి ఇస్తుందేమో అనుకున్నాను గానీ వేలు మాత్రమే చూపించింది. "ఇగ నువ్వు తిప్పుతుంటే నేను నీ పక్కన్నే నిలబడుత. సూసినంకనే పెట్టాలె."

ఆరోజే జీపు తాళం చెవి కమల బియ్యం డబ్బాలోకి పోయింది. గాయం చుట్టూ వారం వారం వెంట్రుకలు తీయాలని సర్జన్ మొదటి రోజే చెప్పారు. వార్డు మనిషి దాన్ని మొక్కుబడిగా చేస్తున్నాడని కనిపెట్టి, ఆ పని కూడా తనే తీసుకుంది.

అడుగుదేనా?

ఆ వారం నుంచి నా ల్యాబులో నాకు పైఅధికారి కమల. మిషన్ ఆగగానే గొట్టం మీదికి వంగేది.

"అడుగుదేనా అక్కా?"

"అడుగుదే."

"పైది?"

"తీసి పక్కకు పెట్టిన, సూడు. ఇగో, ఇది కలిపి పెడుతున్న."

మొదటిసారి ఆమెకు మైక్రోస్కోపులో రెండు స్లైడ్లూ చూపించాను. ఒక కన్ను మూయడం రాక చేత్తో మూసుకుని చూసింది. ఖాళీ స్లైడు చూసి పెదవి విరిచింది. రెండోది చూసి "నువ్వులు ఆరబోసినట్టున్నయి!" అంది. అక్కడి నుంచి నేరుగా వార్డులోకి పోయింది.

"నీ నెత్తురు మంచిగనే ఉన్నది. పరేషాన్ గాకు. ఈమెనే ఆగం జేసింది" అని పోశానికి చెప్పింది. నా ఉద్యోగంలో ఇంత సరైన రిపోర్టు నేనెప్పుడూ రాయలేదు.

రెండు వారాలకు గాయం అంచులు దగ్గరికి రావడం మొదలైంది. నాలుగోసారి పెట్టేసరికి అడుగు పూడి, పైన సన్నటి గీత మాత్రమే మిగిలింది.

ఇక్కడ ఈ పని నేర్చుకునే పిల్లలు పొరపడతారు కాబట్టి ఒక మాట. దాన్ని ప్లేట్‌లెట్లే మాన్పాయని నేను చెప్పను. అదే వారం జీపు ఆగింది, అదే వారం వెంట్రుకలు సరిగా తీయడం మొదలైంది, కార్జం కూర ఎలాగూ ఉంది. నాలుగూ ఒకేసారి కుదిరితే ఏది పనిచేసిందో ఎవరు చెప్పగలరు? ఒక్క మనిషిని చూసి రుజువైందనుకోవద్దని సర్జన్ కూడా అన్నారు. ఆ తర్వాత ఇంకొందరికి చేశాం. కొందరికి త్వరగా మానింది, కొందరికి దాని తీరున అది మానింది. పీఆర్పీ అనగానే ఎగబడేవాళ్లనూ, మూతి విరిచేవాళ్లనూ ఇద్దరినీ చూశాను. వాళ్లలో గొట్టం అడుగు చూసినవాళ్లు తక్కువ. నేను మాత్రం మిషన్ మూత మీద "అడుగుది" అని తెలుగులో, మరాఠీలో పెద్దక్షరాలతో కాగితం అంటించాను. రిటైరయ్యే రోజుకు అది పసుపుపచ్చగా మారింది గానీ ఊడలేదు.

ఆ చుట్టాలమ్మాయికి నేను ఫోన్లో చెప్పాల్సిన జవాబు కూడా ఇదే. సూది కాదు బిడ్డా. ఇరవై ఏళ్లు చేసిన పనే అయినా, కొత్త పనికి వాడేటప్పుడు ఒక బొట్టు తీసి చూడు. చీటీలో లేనిది అడుగు. తప్పు తేలితే ఆరోజే చెప్పు.

స్టూలు

పరీక్షకు పోవడానికి సర్జన్ ఒప్పుకున్నారు, బస్సు ఆగిన ప్రతిచోటా దిగి నిలబడాలన్న షరతుతో. కమల కూడా వెంట పోయింది. స్కూటర్ ట్యూబులో సగం గాలి నింపి, పాత చీర చుట్టి, మొగుడి కింద వేయడానికి చంకన పెట్టుకుని బస్సెక్కింది. ఆ రెండు రోజులు నాకు పని మీద మనసు నిలవలేదు. గుంతలో బస్సు ఎగిరిన ప్రతిసారీ ఇక్కడ నా గుండె ఎగిరినట్టుండేది.

పరీక్ష మర్నాడు మధ్యాహ్నం బస్టాండు నుంచి నేరుగా ఆసుపత్రికే వచ్చారు. సర్జన్ విప్పి చూశారు. పొడిగా ఉంది, ఒక్క చుక్క మరక లేదు. వసారా అవతలి చివర నుంచి నాకు వినబడేలా "సుగుణాబాయి, పొడి!" అని కేకేశారు. ఇంతలో పోశం నా గది గుమ్మంలోకి వచ్చాడు. నేను స్లైడ్లు చూస్తున్నదాన్ని గబుక్కున లేచాను.

"ఎట్ల జేసినవ్?"

"ఎనిమిది అంకె వేసి వెనక్కు తిప్పమన్నరక్కా. తిప్పిన. ఆ సాబు, ఎక్కడ నేర్సినవని అడిగిండు. పాతగూడెం రోడ్డు మీద అన్న. ఇగ ఏం అడగలే."

"పాసైనట్టేనా?"

"ఇంక చెప్పలే. లిస్టు పెడుతరట."

లిస్టు రెండు నెలలకు వచ్చింది. అందులో పోశం పేరుంది, ముల్చేరలో నౌకరి వచ్చింది. కానీ ఆ మధ్యాహ్నం మాకు అదేదీ తెలియదు. మాట్లాడుతూ మాట్లాడుతూనే పోశం లోపలికి వచ్చి, నేను లేచిన స్టూలును కాలితో దగ్గరికి జరుపుకుని, దాని మీద కూర్చున్నాడు. ఒక పిర్ర మీద కాదు, నిండుగా. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, గదిని కొత్తగా చూస్తున్నట్టు చుట్టూ చూశాడు. అన్ని నెలలు నా గదికి వచ్చాడు గానీ అంత కింద నుంచి ఎప్పుడూ చూడలేదు కదా.

కమల తలుపు దగ్గర, పోశం నిలబడే చోటే భుజం ఆనించి నిలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి.

"నిన్నటి సంది గిదే కథ అక్కా. డాక్టర్ సాబు చెప్పిండని లేపుతే లేస్తడు, మల్ల కూసుంటడు" అంది.

"పోశం, ఇంక పది స్లైడ్లున్నయి. నా స్టూలు ఇయ్యి" అన్నాను.

"జర ఆగక్కా" అన్నాడు.

చాయ్ తెప్పించాను. తాగాడు, లేవలేదు. కమలకూ నాకూ పాతగూడెం రోడ్డు సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పాడు, లేవలేదు. నేనూ అడగడం మానేశాను. ఆ మధ్యాహ్నం మిగిలిన పది స్లైడ్లూ మైక్రోస్కోపు మీదికి వంగి, నిలబడే చూశాను. ఒక్కొక్కటి పూర్తిగా చూశాను.